ఆటతీరు ఎవరి సొంతం?

"నా ఆటతీరు నాది" అనే మాట ఆన్‌లైన్ పాత్రధారణ ఆటలు ఆడే యువకుల నోట తరచు వింటున్నాను. ఒకడు రాత్రింబవళ్ళు రాక్షసులను చంపి మెట్టు మీద మెట్టు ఎక్కుతాడు. ఒకడు ఎవరూ పోని కొండల వెంట తిరిగి ఆ లోకపు హద్దు ఎక్కడుందో చూసి వస్తాడు. ఒకామె కత్తి ముట్టకుండా సంతలో కూర్చుని మందులు చేసి అమ్ముతుంది, వచ్చేపోయేవాళ్ళతో మాటలు చెబుతుంది. మరొకడు దారికాచి సాటి ఆటగాళ్ళను చంపడమే పనిగా పెట్టుకుంటాడు. ఎందుకిలా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: నా స్వభావం, నా ఇష్టం.

ఈ జవాబు సాహిత్యంతో పరిచయం వున్నవాళ్ళకు కొత్తది కాదు. "నా శైలి నాది" అని కవులు చెప్పుకోవడమూ, దానితో చర్చ ముగిసిందనుకోవడమూ చాలాకాలంగా చూస్తున్నాం. శైలి అనేది బయటి లోకంతో సంబంధం లేకుండా మనిషి లోపల ఊరే ఊట అనే భావవాదాన్ని మన విమర్శ ఎంతోకొంత ఎదుర్కొన్నది. ఆటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు పనులే చేస్తున్నాం. కాలహరణమని తిట్టడం, లేదా కుర్రవాళ్ళ వ్యవహారమని వదిలెయ్యడం. లక్షలమంది వేషం కట్టి, ఒకరి కథలో ఒకరు పాత్రలై కలిసి బతుకుతున్న చోటును కథాశిల్పం గురించి మాట్లాడేవాళ్ళు వదిలెయ్యడం సబబు కాదని నేననుకుంటాను. పైగా ఈ "ఆటతీరు" అనే మాట వెనక వ్యక్తికీ పరిస్థితికీ గల సంబంధమేమిటన్న పాత ప్రశ్న కొత్త రూపంలో కూర్చుని వుంది.

ఈ ఆటల సంగతి తెలియనివారికి ఒక్క ముక్క. ఇవి గెలుపుతో ముగిసే ఆటలు కావు. ఎక్కడో కంపెనీ యంత్రాలలో ఒక లోకం నడుస్తూ వుంటుంది. నువ్వు నిద్రపోయినా అది నడుస్తూనే వుంటుంది. అందులో నీకొక వేషం, ఒక వృత్తి, కొంత ఆస్తి వుంటాయి. ఇతర వేషాల వెనక వున్నవాళ్ళు నిజమైన మనుషులు.

ఇలాంటి లోకాలకు ఆదిగా చెప్పుకునేది 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన "మడ్". దాన్ని మొదలుపెట్టినవాడు రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి, తరువాత అందుకుని పెంచినవాడు రిచర్డ్ బార్టిల్. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఇంగ్లండు వర్గవ్యవస్థ మీద తిరుగుబాటుగానే ఆ ఆటను తయారుచేశామని బార్టిల్ తరువాత పలుమార్లు చెప్పాడు. పుట్టుకా, మాటయాసా మనిషిని కిందనే తొక్కిపెట్టే దేశంలో, నువ్వేం చేశావన్నదే తప్ప ఎవరి బిడ్డవన్నది పట్టని లోకం ఒకటి కావాలనుకున్నారు. మెట్ల పద్ధతి ఆ ఆశలో భాగమే. ఆశ గొప్పది. అయితే దాని పరిమితిని కూడా చూడాలి. పుట్టుకతో వచ్చే మెట్లను పడగొట్టినవాళ్ళు మెట్లనే పడగొట్టలేదు. ప్రతిభ పేరిట, శ్రమ పేరిట కొత్త మెట్లు కట్టారు. ఆ మెట్లు ఎక్కడానికి కావలసింది తీరిక. ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళు సగటున వారానికి 22 గంటలు వాటిలో గడుపుతున్నారని నిక్ యీ అనే పరిశోధకుడు 2006లో రాశాడు. అన్ని గంటల తీరిక ఎవరికుంటుందన్నది మళ్ళీ ఆట బయట తేలవలసిన విషయం.

ఆటతీరుల చర్చకు మూలగ్రంథం లాంటిది ఈ బార్టిల్ 1996లో రాసిన వ్యాసం. 1989 నవంబరు నుంచి 1990 మే దాకా మడ్‌లోని అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు "మనుషులు ఈ ఆటనుంచి ఏం కోరుకుంటారు" అని సాగించిన వాదనలే దానికి ముడిసరుకు. వాటిని చదివి అతను ఆటగాళ్ళను పేకముక్కల గుర్తులతో నాలుగు తెగలుగా విభజించాడు. సంపదకోసం, మెట్లకోసం ఆడే సాధకులు డైమను. తవ్వి తెలుసుకునే అన్వేషకులు ఇస్పేటు. మనుషులకోసం వచ్చే కలుపుగోలువాళ్ళు ఆఠీను. ఎదుటివాడి మీద దుడ్డుకర్ర ఎత్తే హంతకులు కళావరు.

నాలుగనగానే మన లాక్షణికులు గుర్తుకు వస్తారు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. నాటకాలను చూసి చేసిన ఆ వర్ణన తరువాతి తరాలకు శాసనమై కూర్చున్నది. నాయకుడు కథలోంచి పుట్టడం మానేసి పట్టికలోంచి పుట్టాడు. బార్టిల్ వర్గీకరణకూ అదే గతి పట్టింది. అతని వ్యాసాన్ని ఆధారం చేసుకుని వేరే ఇద్దరు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. దానికి జవాబులు చెబితే నువ్వు ఎంత శాతం సాధకుడివో, ఎంత శాతం హంతకుడివో తేలుస్తుంది. మొత్తం 200 శాతం వచ్చేలా లెక్క కట్టే ఆ వింత రాశిఫలాన్ని చూసుకుని "నేనిదీ" అని తమను తాము ప్రకటించుకున్నవాళ్ళకు లెక్కలేదు. ఆటలు తయారుచేసేవాళ్ళకు అది మరీ అనుకూలించింది. ఈ తెగకు ఇన్ని బహుమతులు, ఆ తెగకు ఇన్ని రహస్యపు గుహలు అని సరుకు పంచడానికి ఇంతకంటె మంచి పట్టిక ఏముంటుంది?

బార్టిల్ వ్యాసంలో జనం చదవని సగం ఒకటి వుంది, నా దృష్టిలో విలువైనది అదే. నాలుగు తెగలను పేర్కొని అతను ఊరుకోలేదు. ఒక తెగ పెరిగితే మిగిలినవాటికి ఏమవుతుందో ఒక్కొక్కటిగా తర్కించాడు. హంతకులు పెరిగితే సాధకులు తగ్గుతారు, కలుపుగోలువాళ్ళు మొదటే పారిపోతారు. వేటకు ఎవరూ మిగలకపోతే హంతకులూ వుండరు. కలుపుగోలువాళ్ళు మాత్రం తమను చూసి తామే పెరుగుతారు. అంటే ఏ తెగకూ తనంత తాను అస్తిత్వం లేదు, ఇతర తెగలతో వున్న సంబంధంలోనే అది బతుకుతుంది. ఇది స్వభావశాస్త్రం కాదు, గతిశాస్త్రం. అభిమానులు గతిని వదిలేసి పేర్లను ఇంటికి తీసుకుపోయారు.

2003లో రాసిన పుస్తకంలో బార్టిల్ నాలుగును ఎనిమిది చేశాడు. మనిషి ఆడుతున్నకొద్దీ ఒక రకంనుంచి మరొక రకానికి జరుగుతూ పోతాడని కూడా అన్నాడు. ఎనిమిదనగానే అష్టవిధ నాయికలు గుర్తుకు వస్తే అది నా తప్పు కాదు. కాని ఇక్కడ ఒక తేడా గమనించాలి. నాయకులను నాలుగుగా విభజించింది స్వభావాన్నిబట్టి. నాయికలను ఎనిమిదిగా విభజించింది అవస్థనుబట్టి. సాయంత్రం ఇల్లు సర్దుకుని ఎదురుచూసేటప్పుడు వాసకసజ్జిక అయినామె, అతను రాకపోతే విప్రలబ్ధ, తెల్లవారి మరొకతె గుర్తులతో వస్తే ఖండిత. మనిషి ఒక్కతే, అవస్థలు మూడు. ఆ అవస్థలన్నీ మగవాడి రాకపోకలతో నిర్ణయమైనాయన్న సంగతి ఆ వర్గీకరణలోని అసలు రోగం, దాన్ని గురించి వేరే రాయాలి. కాని రోగమే మనకిక్కడ పనికొచ్చే లక్షణం. ఆటతీరు ధీరోదాత్తత లాంటిది కాదు, వాసకసజ్జిక అవస్థ లాంటిది. అవస్థ అన్నప్పుడు దాన్ని నిర్ణయించేవాడు ఎవడని అడగవలసి వస్తుంది.

మన పులిజూదమే చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల పక్షాన కూర్చున్నవాడు ఒకదాని వెనక ఒకటి ఆనించి నడుపుతాడు. అతను పుట్టుకతో సహకారవాది కానక్కరలేదు. ఒంటరి మేక చస్తుంది కనక అలా నడుపుతాడు. పక్షాలు మార్చి కూర్చోబెడితే ఆ పెద్దమనిషే పులి అవుతాడు.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో ఈ సంగతి పెద్ద ఎత్తున రుజువైంది. ఆ లోకంలో ఊరిబయట ఎవరినైనా ఎవరైనా చంపి దోచుకోవచ్చు. దోపిడీగాళ్ళు పెరిగారు. వాళ్ళనుంచి కొత్తవాళ్ళను కాపాడటానికి కాపలాదళాలు పుట్టాయి. ఏ ప్రశ్నావళీ ఊహించని ఐదో తీరు అది, హంతకుణ్ణి వేటాడే హంతకుడు. కొత్తవాళ్ళు విసిగి వెళ్ళిపోతూ వుంటే 2000లో కంపెనీ లోకాన్ని రెండుగా చేసింది. ఫెలూకాలో పాత పద్ధతి, ట్రామెల్‌లో ఒప్పుకోకుండా ఎవరూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేరు. జనం అధికభాగం ట్రామెల్‌కు తరలిపోయారు. ఫెలూకాలో ఆకురాలిన మోడులూ, సమాధిరాళ్ళూ పెట్టారు. దోపిడీగాడు ఏడిచాడంటే ఎవరికీ జాలి కలగదు. కాని కాపలాదారు కూడా పని పోగొట్టుకున్నాడు. ధైర్యం తన స్వభావమనుకున్నవాడికి ఆ స్వభావాన్ని చూపించే చోటు ఒక్క ప్రకటనతో మూతపడింది. అందుకని ట్రామెల్ తప్పు అనను. సంతకు వెళ్ళే మనిషికి ప్రాణభయం లేకపోవడం చిన్న విషయం కాదు. నేను చెప్పేది ఇంతవరకే: తెగల లెక్కను మార్చింది మనుషుల గుణం కాదు, చట్టం. ఆ చట్టం చేసినవాళ్ళు ఆటగాళ్ళు కారు.

దీనికంటె నన్ను కదిలించిన ఉదాహరణ 2003 జూన్‌లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్. సినిమా పేరు చూసి అది కత్తియుద్ధాల ఆట అనుకుంటారు. మొదటి రెండేళ్ళూ అది వృత్తుల ఆట. ముప్పైకి పైగా వృత్తులు. యోధుడికి మంచి ఆయుధం కావాలంటే రాక్షసుణ్ణి చంపితే దొరకదు, చేతిపనివాడి దగ్గర కొనుక్కోవాలి. చేతిపనివాడు నేలలో ఖనిజం వెతకాలి. ఆ ఖనిజపు నాణ్యత చోటునుబట్టీ, కాలాన్నిబట్టీ మారుతుంది. మంచి పొర దొరికిన వారంలో తవ్వి దాచుకున్నవాడి సరుకుకు పేరొస్తుంది. వస్తువు మీద చేసినవాడి పేరు వుంటుంది. పోరాడి మనసు అలిసిపోయిన యోధుడు పానశాలకు వచ్చి నాట్యకత్తెల ముందో, వాద్యగాళ్ళ ముందో కూర్చుంటే తప్ప ఆ అలసట తీరదు. ఆ నాట్యకత్తె వేషం వెనక వున్నది నిజమైన మనిషి. యుద్ధంతో ప్రమేయం లేకుండానే ఆ లోకానికి ఆ మనిషి అవసరం. కళ అలసట తీర్చే సాధనమేనా అని మనలో కొందరు పెదవి విరవవచ్చు. విరవండి. కాని కళాకారుడు లేకపోతే యోధుడి కాలు కదలని లోకం సాహిత్యంలో ఎన్నిచోట్ల చూశాం?

నిక్ యీ తన వ్యాసానికి ఈ ఆటలోని మందుల తయారీనే ఉదాహరణగా తీసుకున్నాడు. ముడిసరుకు వెతకడం, కొనడం, తయారుచెయ్యడం, ధర నిర్ణయించడం, పోటీదారులను కనిపెట్టడం. ఉద్యోగం చేసి ఇంటికి వచ్చి మళ్ళీ ఇదేం ఉద్యోగమని అతను ఆశ్చర్యపడ్డాడు. నా ఆశ్చర్యం వేరు. బయటి ఉద్యోగంలో దొరకనిదేదో ఇక్కడ దొరికి వుండాలి. చేసిన వస్తువు మీద తన పేరు, దాన్ని వాడేవాడి ముఖం. ఈ రెండూ పోగొట్టుకోవడాన్నే మనం పరాయీకరణ అంటాం.

2005 నవంబరులో కంపెనీ ఆ లోకాన్ని తిరగరాసింది. 34 వృత్తులు 9 అయినాయి. జంతువులను మచ్చికచేసేవాడి వృత్తి లేదు. జీవులను రూపొందించే వృత్తి లేదు. సినిమాలోని వీరుల్లాంటి వీరులు కావాలని కంపెనీకి తోచింది. ఆ మార్పుకు కొద్దిరోజుల ముందే కొత్త భాగమని అమ్మినదానికి డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చింది. రెండేళ్ళపాటు జంతువులను సాకినవాడు "నా ఆటతీరు నాది" అని ఎవరితో మొరపెట్టుకోవాలి? అతని నైపుణ్యం అతనిదే, కాని అది పనిచేసే నేల అతనిది కాదు. కౌలుకు సాగుచేసేవాడికి ఈ వాక్యం విప్పి చెప్పనక్కరలేదు. 2011 డిసెంబరు 15న ఆట మొత్తం మూసేశారు. 2005కు ముందు లోకాన్ని స్వచ్ఛందంగా ఒక్కొక్క ముక్కే తిరిగి కట్టడానికి పూనుకున్నవాళ్ళు అభిమానులే.

ఇప్పటిదాకా చెప్పింది ఆడేవాడి సొంత తీరును గురించి. ఇతరులు అంటగట్టే తీరు మరొకటి వుంది. కొరియాలో తయారైన లీనియేజ్-2 అనే ఆటలో మరుగుజ్జు స్త్రీ వేషానికి వస్తువులు పోగుచేసే శక్తి ఎక్కువ. కనక ఆటలోని డబ్బు పోగుచేసి నిజమైన డబ్బుకు అమ్మేవాళ్ళు ఆ వేషాన్నే ఎన్నుకునేవారు. వాళ్ళంతా చైనావాళ్ళేనని అమెరికా ఆటగాళ్ళు తీర్మానించుకున్నారు. క్రమంగా ఆ వేషం కనిపిస్తే చాలు, వెనక ఎవరున్నా సరే, చంపడం న్యాయమైంది. ఆ వేషం కట్టడానికి మామూలు ఆటగాళ్ళు జంకే పరిస్థితి వచ్చింది. కాన్‌స్టన్స్ స్టైన్‌కూలర్ అనే పరిశోధకురాలు 2006లో దీన్ని రాసింది. వృత్తిని జాతికి కట్టి, జాతిని ఒంటికి కట్టి, ఒంటిని చూడగానే కర్ర ఎత్తడం మనకు తెలియని విద్య కాదు. పుట్టుకను మరిపించాలని కట్టిన లోకంలో ఇరవై ఐదేళ్ళు తిరిగేసరికి కొత్త అంటరానితనం తయారైంది.

ఆ డబ్బు పోగుచేసేవాళ్ళ సంగతి జూలియన్ డిబెల్ అనే పాత్రికేయుడు 2007లో రాశాడు. నాన్‌జింగ్ నగరంలో ఒక గది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఒకే చోట ఒకే రకం శత్రువును చంపుతూ రాత్రికి 12 గంటలు, వారానికి ఏడు రోజులు, గంటకు సుమారు 30 అమెరికన్ సెంట్ల కూలి. బార్టిల్ పట్టికలో వీళ్ళది ఏ గుర్తు? డైమను అందామా? డైమను వేరేవాడి జేబులోకి పోతున్నది. ఆ వ్యాసంలో నన్ను పట్టుకున్న విషయం మరొకటి వుంది. పని దిగిన తరువాత వీళ్ళలో కొందరు ఇంటర్నెట్ దుకాణానికి పోయి, సొంత వేషంతో అదే ఆటను ఆడేవారు. అదే మనిషి, అవే వేళ్ళు, అదే లోకం. ఒకటి కూలి, ఒకటి ఆట. ఆటతీరు స్వభావమనేవాళ్ళు ఈ పన్నెండో గంటకూ పదమూడో గంటకూ మధ్య ఆ కుర్రవాడి స్వభావం మారిపోయిందని రుజువుచెయ్యాలి.

ఇంతా చదివి, అయితే పరిస్థితే అన్నీ చేస్తుంది, మనిషి కీలుబొమ్మ అనే యాంత్రిక నిర్ణయానికి ఎవరైనా వస్తే వాళ్ళతోనూ నాకు పేచీ వుంది. 2005 సెప్టెంబరులో వార్‌క్రాఫ్ట్‌లో ఒక రాక్షసుడు అంటించే జబ్బు, అతని గుహ దాటిపోకూడనిది, వేటగాళ్ళ పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు వచ్చింది. కొత్త ఆటగాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టు చచ్చారు, వీథుల్లో ఎముకలు పరుచుకున్నాయి. నయంచేసే విద్య వున్నవాళ్ళు కొందరు పరుగెత్తి వచ్చి చచ్చేవాళ్ళను లేపారు. అదే విద్య వున్నవాళ్ళు కొందరు అడవుల్లోకి పారిపోయారు. కావాలని జబ్బు అంటించుకుని సంతలోకి వచ్చినవాళ్ళూ వున్నారు. దీన్ని అంటువ్యాధుల శాస్త్రజ్ఞులు 2007లో వైద్య పత్రికలో చర్చించారు. అవస్థ ఒక్కటే, మనుషులు మూడు విధాలు. వైద్యం చెయ్యగలగడం ఆట ఇచ్చింది. చెయ్యడం మనిషి ఇచ్చాడు. శైలి అనేది ఏదైనా వుంటే అది ఈ రెండింటి మధ్య సందులో వుంది. విమర్శకుడు ఆ సందును కొలవాలి. లోపలే వున్నదని ఒకడూ బయటే వున్నదని ఒకడూ కూర్చుంటే కొలిచేదెవరు?

ఆ సందులో ఒక మనిషి ఎంత దూరం పోగలడో చూపే ఉదాహరణ అదే వార్‌క్రాఫ్ట్‌లో వుంది. ఆ లోకం రెండు శత్రుపక్షాలుగా చీలి వుంటుంది. 2012లో పాండా జాతి వేషం ఒకటి చేర్చారు. ఆ జాతివాడు ఒక దీవిలో కథ మొదలుపెట్టి, చివర ఏదో ఒక పక్షాన్ని ఎన్నుకుని బయటికి రావాలి. ఒక ఆటగాడు ఎన్నుకోలేదు. బయటికి రాలేదు. ఆ దీవిలోనే పూలూ మూలికలూ ఏరుకుంటూ, రాళ్ళలో లోహం తవ్వుకుంటూ, వాటినుంచి వచ్చే చిటికెడు చిటికెడు అనుభవంతో ఆ ఆటలోని అత్యున్నతమైన మెట్టుదాకా ఎక్కాడు. యుద్ధం అనే పేరు మీదనే నడుస్తున్న ఆటలో!

పక్షం లేని రచయిత వుండడని వాదించే మనకు ఇతను ఇబ్బందికరమైన మనిషి. తటస్థుడని తోసెయ్యడానికి లేదు. చూపించిన రెండు పక్షాలూ తనవి కావన్నవాడు తటస్థుడు కానక్కరలేదు. నిరాకరణకూడా ఒక పక్షమే కావచ్చు. అంత ఓపికతో చేసిన నిరాకరణను నేను గౌరవిస్తాను. కాని గౌరవిస్తూనే ఒకటి అడగాలనిపిస్తుంది. యుద్ధాన్ని వద్దన్నవాడు మెట్లను ఎందుకు వద్దనలేదు? పూలు ఏరడమే ఇష్టమైతే పూలు ఏరవచ్చు. అతను ఏరిన ప్రతి పువ్వునూ ఆట కొలిచింది, ఆ కొలతనే అతనూ విజయంగా ఒప్పుకున్నాడు. కంపెనీ పైమెట్టు 90 అన్నది. తరువాత 100 అన్నది, 2016లో 110 అన్నది. పైమెట్టు పెరిగినప్పుడు అతను మళ్ళీ ఆ దీవిలోనే, ఆ పొదల దగ్గరికే వెళ్ళి వంగాడు.